అభ్యాసం కూసువిద్య

అభ్యాసం కూసువిద్య అన్నది మన పెద్దల మాట. ఆ మాట సంగీత సాహిత్యాలకు ఎంతగా వర్తిస్తుందో క్రీడలకూ అంతగానే వర్తిస్తుంది. నేడు మన పట్టణాలలోని క్రికెట్ శిక్షణ కేంద్రాలలో బ్యాటింగ్ అభ్యాసానికి బౌలింగ్ యంత్రాలు వచ్చాయి. ఎదురెదురుగా అమర్చిన రెండు చక్రాలు విద్యుచ్ఛక్తితో గిర్రున తిరుగుతుంటాయి. వాటి నడుమకు జారవిడిచిన బంతి కోరిన వేగంతో బ్యాట్స్‌మన్ మీదికి దూసుకువస్తుంది. ఒక చక్రం వేగాన్ని పెంచి, రెండవదాని వేగాన్ని తగ్గిస్తే బంతి గాలిలో వంపు తిరుగుతుంది. యంత్రానికి అలుపు లేదు, విసుగు లేదు. ఒకేచోట వందసార్లు బంతిని వేయమన్నా వేస్తుంది. ఇన్ని సదుపాయాలు ఏర్పడిన తరువాత కూడా, దీర్ఘకాలం టెస్టు క్రికెట్ ఆడినవారిలో 99.94 సగటుకు దరిదాపుల వరకు చేరినవారు లేరు. ఆ సగటును సాధించిన సర్ డొనాల్డ్ జార్జ్ బ్రాడ్‌మన్‌కు బాల్యంలో లభించిన అభ్యాస సాధనాలు మూడే. ఒక గోల్ఫ్ బంతి, ఒక స్టంపు, పెరటిలో నీళ్ళ ట్యాంకును మోస్తున్న ఇటుక దిమ్మె.

బ్రాడ్‌మన్ కాలానికి యంత్రాలు పుట్టనే లేదనుకోవడం పొరపాటు. అతడు జన్మించడానికి సుమారు డెబ్బై సంవత్సరాల ముందే ఇంగ్లండులో నికొలాస్ వానొస్ట్రాక్ట్ అనే ఉపాధ్యాయుడు బంతులు విసిరే యంత్రాన్ని రూపొందించాడు. బడిపంతులు క్రికెట్ ఆడడం విద్యార్థుల తల్లిదండ్రులకు రుచించదేమోనన్న సంకోచంతో అతడు ఫీలిక్స్ అన్న మారుపేరుతో మైదానంలోకి దిగేవాడు. ప్రాచీన రోమనులు కోటలను ముట్టడించేటప్పుడు శత్రువులపై రాళ్ళు రువ్విన యంత్రాన్ని ఆదర్శంగా తీసుకొని, తన పరికరానికి కెటపుల్టా అని ఆ పాత పేరే పెట్టాడు. 1845లో బ్యాటింగ్ మీద ఒక గ్రంథాన్ని కూడా ప్రకటించాడు. 1897లో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ గణితాధ్యాపకుడు చార్లెస్ హోవర్డ్ హింటన్ బేస్‌బాల్ క్రీడాకారుల కోసం తుపాకిమందుతో బంతిని పేల్చే యంత్రాన్ని నిర్మించాడు. దాని ముందు నిలబడడానికి ఆటగాళ్ళు జంకేవారట. అయితే ఇటువంటి పరికరాలేవీ ఆస్ట్రేలియాలోని ఒక చిన్న ఊరిలో వడ్రంగిపని చేసుకొని బ్రతికే కుటుంబం దాకా వచ్చేవి కావు.

బ్రాడ్‌మన్ 1908వ సంవత్సరం ఆగస్టు 27వ తేదీన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని కూటముండ్ర అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జార్జ్, తల్లి ఎమిలీ. ఐదుగురు సంతానంలో అతడే కడగొట్టువాడు. అతనికి మూడో యేడు నిండకముందే, 1911లో, ఆ కుటుంబం బౌరల్ అనే ఊరికి తరలివచ్చి షెపర్డ్ వీథిలో కాపురం పెట్టింది. బౌరల్ సిడ్నీ నగరానికి నైరుతి దిక్కున వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. ఆ వీథిలో అతని ఈడు మగపిల్లలు ఆటకు దొరికేవారు కారు. బడిలో క్రికెట్ ఆట ఉన్నా అది పెద్దపిల్లల సొత్తు. సాయంత్రం పని తెమిలిన తరువాత తల్లి ఎమిలీ పెరటిలో నిలబడి ఎడమచేతితో స్పిన్ బంతులు వేసేది. ఆ మహానుభావుని మొదటి బౌలర్ కన్నతల్లి అన్న సంగతి చాలామందికి తెలియదు. కాని ఇంటి చాకిరితో సతమతమయ్యే ఇల్లాలు ఎంతసేపని బంతులు వేయగలదు? మిగిలిన వేళలన్నీ ఆ బాలునివే.

ఇంటి వెనుక ఎనిమిది వందల గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు ఒకటి ఉండేది. మన లెక్కలో అది మూడువేల ఆరువందల లీటర్లకు పైబడిన నీరు. దానిని గుండ్రంగా కట్టిన ఇటుక దిమ్మెపై నిలిపారు. ఆ దిమ్మెకూ, బట్టలుతికే గది తలుపుకూ మధ్య దూరం సుమారు ఎనిమిది అడుగులు. కింద సిమెంటు నేల. తలుపులన్నీ మూసివేస్తే మూడు వైపులా అడ్డు, పైన కప్పు. అందువల్ల వానపడినా ఆటకు భంగం ఉండేది కాదు. డాన్ కుడిచేత గోల్ఫ్ బంతిని దిమ్మెకేసి కొట్టి, అది తిరిగివచ్చేలోగా రెండు చేతులతో స్టంపును పట్టుకొని దానిని ఎదుర్కొనేవాడు. ఉతుకు గది తలుపే వికెట్. బంతి తలుపుకు తగిలితే అవుటైనట్టు.

చెప్పడానికి ఇది పసిపిల్లల ఆటలాగే ఉంటుంది. కొలతలు చూస్తేనే దాని కాఠిన్యం అర్థమవుతుంది. క్రికెట్ బ్యాటు వెడల్పు నాలుగుంబావు అంగుళాల వరకు ఉండవచ్చు. స్టంపు మందం ఒకటిన్నర అంగుళాన్ని మించదు. పైగా బ్యాటుకు చదునైన ముఖం ఉంటుంది. స్టంపు గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని కొట్టినప్పుడు రెండింటి నడి భాగాలూ సరిగా కలిస్తేనే అది అనుకున్న దిక్కుకు పోతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్కకు జారిపోతుంది. ఆడే బంతి కూడా చిన్నదే. క్రికెట్ బంతి బరువు నూటయాభై గ్రాములకు పైబడి ఉంటే, గోల్ఫ్ బంతి నలభై ఆరు గ్రాములను మించదు. కాని గట్టి నేలకు తగిలినప్పుడు దాని ఎగురుడు క్రికెట్ బంతికి రాదు. ఇక దిమ్మె వంపు తిరిగి ఉండడం చేతనూ, ఇటుకల మధ్య సందులు ఉండడం చేతనూ, బంతి ఎటు తిరిగివస్తుందో విసిరినవానికే తెలియదు.

కాలాన్ని కూడా లెక్కించి చూడవచ్చు. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెనుదిరిగిన బంతి సైతం ఎనిమిది అడుగుల దూరాన్ని అర సెకను లోపే దాటుతుంది. పెద్ద మైదానంలో గంటకు నూటనలభై కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి పట్టే సమయమూ ఇంచుమించు అంతే. అంటే మహావేగం గల బౌలర్లు ఎదుటి ఆటగానికి ఇచ్చే వ్యవధి ఎంతో, ఆ ట్యాంకు దిమ్మె పదేళ్ళ బాలునికి అంతే వ్యవధి ఇచ్చిందన్నమాట. ఆ క్షణంలోనే బంతిని చూడాలి, కాలు కదపాలి, కర్రను దించాలి. నేటి శిక్షకులు ఎంతో ధనం వెచ్చించి కల్పించే పరిస్థితి అక్కడ పైసా ఖర్చు లేకుండా ఏర్పడింది.

అతడు ఆ ఆటను ఒంటరిగా ఆడినా, ఊహలో మాత్రం ఒంటరిగా లేడు. ఆనాటి సుప్రసిద్ధ క్రీడాకారుల పేర్లతో రెండు జట్లను ఏర్పరచుకొనేవాడు. ఒక్కొక్కరి తరఫున తానే బ్యాటింగ్ చేసి, ఎవరి పరుగులు వారికి లెక్క కట్టేవాడు. అది విసుగనిపిస్తే గోల్ఫ్ బంతిని తీసుకొని పక్కనున్న పచ్చికబీడుకు పోయేవాడు. అక్కడి అడ్డకర్రల కంచెకు పది పదిహేను గజాల దూరంలో నిలిచి, ఎంచుకొన్న కర్రకు గురిపెట్టి బంతిని విసిరేవాడు. తిరిగివచ్చే బంతిని పట్టుకోవాలి. గురి తప్పితే బంతి కంచె దాటి పోయేది. దానికోసం చాలా దూరం నడవక తప్పేది కాదు. తరువాతి కాలంలో మైదానం అంచు నుండి అతడు విసిరిన బంతి నేరుగా వికెట్లను పడగొట్టినప్పుడు ప్రేక్షకులు విస్తుపోయేవారు. ఆ గురి వెనుక పచ్చికబీడులోని ఆ నడకలన్నీ ఉన్నాయి.

ఈ ముచ్చట చెప్పేటప్పుడు బ్రాడ్‌మన్‌ను ఏకలవ్యునితో పోల్చడం పరిపాటి. నాకు మాత్రం ఆ పోలిక అంతగా కుదిరినట్లు తోచదు. ఏకలవ్యుని ఎదుట మట్టితో చేసినదైనా ఒక గురుమూర్తి ఉంది. ఈ బాలునికి అది కూడా లేదు. ఆదిపర్వంలో అర్జునుని కథ ఒకటి ఉంది. ఒకనాటి రాత్రి భుజించే వేళ గాలికి దీపం ఆరిపోయింది. చీకటిలో కూడా చేయి తడబడకుండా నోటికి చేరడం గమనించిన అర్జునుడు, అలవాటుంటే చీకట్లోనూ బాణం గురి తప్పదని గ్రహించి, ఆనాటి నుండి రాత్రివేళ విలువిద్యను సాధన చేశాడు. ఆలోచనతో పని లేకుండా చేయి తనంత తాను కదిలే స్థితి అది. ట్యాంకు దగ్గరి ఆట బ్రాడ్‌మన్‌కు ప్రసాదించినది అదే.

బడి మైదానంలో ఆ సాధన ఫలితం త్వరలోనే బయటపడింది. పన్నెండేళ్ళ వయసులో బౌరల్ పాఠశాల తరఫున మిట్టగాంగ్ ఉన్నత పాఠశాలతో ఆడుతూ 115 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. జట్టు మొత్తం చేసినవి 156 పరుగులే. మరునాడు ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ఎదుట ఆ సంగతి ప్రస్తావించాడు. శతకం చేసినంత మాత్రాన బ్యాటును మైదానంలో మరచి రావచ్చునా అని చురక కూడా అంటించాడు. ఆనందంలో ఆ బాలుడు బ్యాటును నిజంగానే వదిలేసి వచ్చాడు మరి! ఆ రోజుల్లోనే ఊరి జట్టు పొరుగూరికి వెళ్ళినప్పుడు పరుగుల లెక్క రాయడానికి డాన్ కూడా వెంట వెళ్ళాడు. జట్టు నాయకుడు అతని మేనమామ జార్జ్ వాట్‌మన్. ఒక ఆటగాడు రాకపోవడంతో చివరి వరుసలో మేనల్లుణ్ణి దించవలసి వచ్చింది. నిక్కరు వేసుకొని, తన ఎత్తుకు మించిన బ్యాటుతో ఆడుతూ అతడు 37 పరుగులు చేసి అవుట్ కాకుండా తిరిగివచ్చాడు. జట్టులోని ఒక పెద్దాయన ముచ్చటపడి తన పాత బ్యాటును బహూకరించాడు. అది కొంచెం పగిలి ఉంది, పొడవూ ఎక్కువే. తండ్రి రంపంతో అడుగు భాగాన మూడు అంగుళాలు కోసి ఇచ్చాడు. అదే బ్రాడ్‌మన్ సొంతం చేసుకొన్న మొదటి బ్యాటు.

1921 ఫిబ్రవరిలో తండ్రి అతనిని సిడ్నీకి తీసుకొనిపోయి ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్ల మధ్య టెస్టు చూపించాడు. చార్లీ మెకార్ట్నీ 170 పరుగులు చేసిన ఆట అది. ఆ మైదానంలో ఆడేదాకా తనకు తృప్తి ఉండదని ఆ బాలుడు తండ్రితో చెప్పాడు. కాని మరుసటి సంవత్సరమే చదువు మాని, ఊరిలోని ఒక స్థిరాస్తి వ్యాపారి వద్ద ఉద్యోగంలో చేరవలసివచ్చింది. ఆపైన సుమారు రెండు సంవత్సరాలు క్రికెట్‌ను విడిచి టెన్నిస్ ఆడాడు. తిరిగి 1925-26లో బౌరల్ జట్టులో స్థిరపడ్డాడు.

ఆ సంవత్సరంలోనే జరిగిన ఒక సంఘటన చెప్పుకోదగింది. పొరుగున ఉన్న వింగెల్లో ఊరి జట్టులో బిల్ ఓరైలీ అనే యువకుడు ఉన్నాడు. కాలక్రమంలో అతడు ప్రపంచ ప్రఖ్యాత స్పిన్ బౌలర్ అయ్యాడు. మొదటి శనివారం బ్రాడ్‌మన్ అతని బౌలింగ్‌ను చీల్చి చెండాడి, రోజు ముగిసేసరికి 234 పరుగులతో అజేయంగా ఉన్నాడు. ఆట తరువాతి శనివారం కొనసాగింది. ఓరైలీ వేసిన మొట్టమొదటి బంతికే బ్రాడ్‌మన్ కాళ్ళ వెనుక నుండి బౌల్డ్ అయ్యాడు. ట్యాంకు దిమ్మె నేర్పని విద్య ఒకటి ఉన్నదని ఈ ఉదంతం వల్ల తెలుస్తుంది. దిమ్మెకు చేయి లేదు. మణికట్టు ఏ వైపు తిరిగింది, వేళ్ళు బంతిని ఎలా పట్టాయి అన్నది చూసి బంతి స్వభావాన్ని ముందే పసిగట్టడం మనిషిని ఎదుర్కొంటేనే అలవడుతుంది. నేటి చక్రాల యంత్రానిదీ ఇదే లోపం. యంత్రం ముందు అలవాటు పడిన బ్యాట్స్‌మన్‌లు నిజమైన బౌలర్ ఎదుట కాలు కదిపే సమయం మారిపోతున్నదని పరిశోధకులు గమనించారు. అందుకే ఇప్పుడు చాలా జట్లు యంత్రంతో పాటు, మనిషి చేతితోనే బంతిని విసిరే పొడవాటి సైడ్ ఆర్మ్ పరికరాన్ని కూడా వాడుతున్నాయి.

1926లో సిడ్నీ క్రికెట్ మైదానంలో అభ్యాసానికి రమ్మని పిలుపు వచ్చింది. అప్పటిదాకా అతడు ఆడినవన్నీ కాంక్రీటు మీద పీచు చాప పరచిన పిచ్‌లు. పచ్చిక పిచ్ మీద ఆడి ఎరుగడు. అయినా ఆ కొత్త నేలకు త్వరలోనే అలవాటుపడ్డాడు. 1927 డిసెంబరులో అడిలైడ్ నగరంలో రాష్ట్ర జట్టు తరఫున ఆడిన తొలి పోటీలోనే 118 పరుగులు చేశాడు. పరుగులు వస్తున్నా పండితులకు అతని పద్ధతి నచ్చలేదు. ఎవరూ నేర్పకుండా అబ్బిన విద్య కదా, పుస్తకాలలోని లక్షణాలకు లొంగలేదు. రెండు చేతులనూ లోపలికి తిప్పి పట్టేవాడు. బ్యాటును నిటారుగా వెనుకకు ఎత్తక, స్లిప్పుల వైపు వంకరగా ఎత్తి, చుట్టు తిప్పి కిందికి తెచ్చేవాడు. పొట్టివాడైన పిల్లవాడు కాంక్రీటు మీద ఎత్తుగా లేచే బంతిని అణచడానికి ఆ పట్టు అవసరమైందని అతడే తరువాత వివరించాడు. ఒకచేత బంతిని విసిరి, మరుక్షణమే కర్రను గుండ్రంగా తిప్పి దింపే ట్యాంకు ఆటలోనే ఆ కదలికకు మూలం ఉందని ఇంగ్లండుకు చెందిన టోనీ షిల్లింగ్‌లా వంటివారు వాదించారు. నా మట్టుకు ఈ వాదం సమంజసంగానే కనిపిస్తుంది.

1928 నవంబరులో బ్రిస్బేన్‌లో ఆడిన మొదటి టెస్టు అతనికి చేదు అనుభవమే మిగిల్చింది. చేసిన పరుగులు 18, 1. ఆస్ట్రేలియా 675 పరుగుల తేడాతో పరాజయం పొందింది. రెండవ టెస్టుకు అతనిని జట్టు నుండి తప్పించి పన్నెండవవానిగా కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్ళ పల్లెటూరి యువకుడు అప్పుడు పెద్దల మాట విని తన పట్టును మార్చుకొని ఉంటే ఏమయ్యేదో ఊహించలేం. అతడు మార్చుకోలేదు. మూడవ టెస్టులో అవకాశం దొరకగానే 79, 112 పరుగులు చేశాడు. ఆపైన అతనిని జట్టు నుండి తప్పించే సాహసం ఎవరూ చేయలేదు.

ఈ వంకర బ్యాటు ఇంగ్లండులోని తడి పిచ్‌ల మీద పనికిరాదని అక్కడి విమర్శకులు జోస్యం చెప్పారు. 1930లో ఆ దేశానికి వెళ్ళిన బ్రాడ్‌మన్ ఐదు టెస్టులలో 974 పరుగులు చేశాడు. లార్డ్స్‌లో 254, లీడ్స్‌లో 334, ఓవల్‌లో 232. లీడ్స్‌లో ఒక్క రోజులోనే 309 పరుగులు వచ్చాయి. ఒకే టెస్టు వరుసలో అన్ని పరుగులు నేటికీ మరొకరు చేయలేదు.

అతనిని ఆపడానికి ఇంగ్లండు నాయకుడు డగ్లస్ జార్డిన్ 1932-33లో కొత్త ఎత్తు పన్నాడు. హెరాల్డ్ లార్‌వుడ్ వంటి మహావేగం గల బౌలర్ల చేత నేరుగా శరీరం మీదికి లేచే బంతులు వేయించి, కాళ్ళ వైపు మనుషులను మోహరించాడు. అదే బాడీలైన్ పేరుతో చరిత్రకెక్కింది. తలకు రక్షణ కవచాలు లేని కాలమది. అడిలైడ్‌లో నాయకుడు ఉడ్‌ఫుల్‌కు గుండెల మీద దెబ్బ తగిలింది. ఓల్డ్‌ఫీల్డ్ పుర్రె చిట్లింది. బ్రాడ్‌మన్ తాను ఆడిన మొదటి ఇన్నింగ్స్‌లో మొదటి బంతికే అవుటయ్యాడు. రెండవ ఇన్నింగ్స్‌లో 103 పరుగులతో అజేయంగా నిలిచాడు. కాళ్ళ వైపుకు తప్పుకొని, ఖాళీగా ఉన్న అవతలి వైపుకు బంతిని కొట్టడం అతడు ఎంచుకొన్న మార్గం. దానిని పిరికితనమన్నవారు కూడా ఉన్నారు. ఆ వరుసలో అతని సగటు 56.57కు తగ్గింది. మరొకరికైతే అది కీర్తి, అతనికి మాత్రం ఓటమిగా లెక్కించారు.

1934లో పర్యటన ముగింపున ఇంగ్లండులో పేగువాపు వ్యాధి ముదిరి ప్రాణాపాయం సంభవించింది. భార్య జెస్సీ ఓడలో సముద్రాలు దాటి అతని చెంతకు చేరింది. 1936లో మొదటి బిడ్డ పురిటిలోనే కన్నుమూశాడు. ఆ సంవత్సరమే జట్టు నాయకత్వం అతనికి దక్కింది. సహచరులందరూ అతనిని ప్రేమించారని చెప్పడం సత్యదూరం. ఒకనాటి వింగెల్లో ప్రత్యర్థి ఓరైలీతో సహా కొందరికి అతనితో పొసగలేదు. ఆట ముగిసిన తరువాత నలుగురిలో కలవక, గదిలో ఒంటరిగా ఉత్తరాలు రాసుకొనేవాడని వారి ఫిర్యాదు. పెరటిలో ఒంటరిగా పెరిగినవానికి అది సహజమే కావచ్చు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో అతడు సైన్యంలో చేరాడు. అక్కడ మామూలుగా జరిపే కంటి పరీక్షలో అతని చూపు మందగించి ఉన్నదని తేలింది! ప్రపంచంలోకెల్లా చురుకైన కన్ను అతనిదని అందరూ నమ్ముతున్న రోజులవి. అంతేకాదు, అడిలైడ్ విశ్వవిద్యాలయంలో అతని ప్రతిచర్యా వేగాన్ని పరీక్షించినప్పుడు అది సామాన్య విద్యార్థుల వేగం కంటే మిన్న కాదని తేలినట్లు అతని చరిత్రకారులు పేర్కొన్నారు. పుట్టుకతో వచ్చిన దివ్యదృష్టి అని లోకం భావించినది నిజానికి వేలసార్లు దిమ్మెకు బంతిని విసిరి సంపాదించుకొన్న సొత్తు కావచ్చు. కండరాల బాధ తీవ్రమై, కుడిచేతి బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ స్పర్శ తగ్గిపోగా, 1941లో సైన్యం అతనిని ఇంటికి పంపించింది.

అతడు మళ్ళీ ఆడగలడని అనుకొన్నవారు తక్కువ. కాని యుద్ధానంతరం నలభయ్యో పడికి చేరువలో తిరిగి మైదానంలో నిలిచాడు. 1947-48లో లాలా అమర్‌నాథ్ నాయకత్వాన మన దేశపు జట్టు తొలిసారిగా ఆస్ట్రేలియాకు వెళ్ళింది. భారత తొలి టెస్టు నాయకుడు సి.కె. నాయుడు తమ్ముడు, తెలుగు కుటుంబీకుడు సి.ఎస్. నాయుడు ఆ జట్టులో ఉన్నాడు. టెస్టులకు ముందు సిడ్నీలో జరిగిన పోటీలో బ్రాడ్‌మన్ తన నూరవ శతకానికి ఒక్క పరుగు దూరంలో ఉన్నప్పుడు, అమర్‌నాథ్ ఉపాయం పన్ని, పర్యటనలో అప్పటివరకు బౌలింగే చేయని కిషన్‌చంద్ చేతికి బంతినిచ్చాడు. ఎన్నడూ చూడని చేయి! బ్రాడ్‌మన్ తొందరపడలేదు. ఆ కొత్త బౌలర్‌ను ఎంతో గౌరవంతో పరిశీలించి, ఆ తరువాతే ఒక్క పరుగు తీసి శతకం పూర్తిచేశాడు. ఆ పర్యటనలోని టెస్టులలో మన బౌలర్ల మీద అతడు చేసిన పరుగులు 715.

1948 ఆగస్టు 14న ఓవల్ మైదానంలో చివరి టెస్టు ఆడడానికి దిగినప్పుడు ప్రేక్షకులు లేచి నిలబడ్డారు. ఇంగ్లండు నాయకుడు యార్డ్‌లీ తన జట్టు చేత జయజయధ్వానాలు చేయించాడు. సగటు నూరు నిలవడానికి నాలుగు పరుగులు చాలు. ఆ లెక్క ఆనాడు మైదానంలో ఎవరి మనసులోనూ లేదు. ఎరిక్ హోలీస్ వేసిన మొదటి బంతిని ఆడాడు. రెండవది గూగ్లీ, అంటే చేయి చెప్పినదానికి విరుద్ధంగా తిరిగే బంతి. అది బ్యాటుకూ ప్యాడ్‌కూ మధ్య సందులో నుండి వెళ్ళి వికెట్‌ను పడగొట్టింది. 52 టెస్టులు, 80 ఇన్నింగ్స్, 6996 పరుగులు, 29 శతకాలు. సున్నాతో ముగిసింది.

1949లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదునిచ్చి సత్కరించింది. తరువాత అడిలైడ్‌లో వ్యాపారం చేసుకొంటూ, క్రికెట్ పాలనా వ్యవహారాలలో దశాబ్దాల పాటు పనిచేశాడు. గ్రంథాలు రచించాడు. తన బాల్యంలోని ట్యాంకు ఆటను గురించి రాస్తూ, ఆ వయసులో తనకు అది వినోదం మాత్రమేననీ, కంటికీ మనసుకూ చేతికీ పొందిక కుదిర్చే శిక్షణ అవుతుందని అప్పుడు తెలియదనీ వివరించాడు. ఖ్యాతి వచ్చిన తరువాత చలనచిత్రం కోసం ఒకసారి ఆ ఆటను మళ్ళీ ఆడి చూపించాడు. ఆ దృశ్యం నేటికీ లభిస్తుంది. పెద్దవాడైన బ్రాడ్‌మన్ చేతిలో సన్నని స్టంపు, ఎదుట ఇటుక దిమ్మె. బంతి వంకరగా వచ్చిన ప్రతిసారీ కర్ర దానికి తగులుతూనే ఉంటుంది.

బ్రాడ్‌మన్ 2001 ఫిబ్రవరి 25న తొంభై రెండేళ్ళ వయసులో అడిలైడ్‌లోని స్వగృహంలో కన్నుమూశాడు. ఆస్ట్రేలియా జాతీయ ప్రసార సంస్థ తన తపాలా పెట్టెకు ఎంచుకొన్న సంఖ్య 9994.